మూరన్నర

పట్టాల మధ్య ఎడం మూరన్నర.
మా వంటింటి తలుపు ఇంతకన్నా వెడల్పు.

కువానా దాటి మలుపు తిరిగిందంటే
చేటలో గింజల్లా చెరుగుతుంది మమ్మల్ని బండి.
ఎదురుబదురు బల్లలు.
నడుమ ఒక మనిషి నడవాలంటే
ఇటు నలుగురు, అటు నలుగురు
కాళ్ళు ముడుచుకోవాలి.

ఇవాళ తోకుజి ఎక్కాడు.
తేయాకు తోట గట్టు దగ్గర
పదకొండేళ్ళ కిందట తెగింది మా మాట.
రోడ్డు మీదైతే ఎడమొహం, పెడమొహం,
దానికి ఊరంత జాగా ఉంది.
ఇక్కడ ఏ మొహం పెట్టను?
ఖాళీ నా ఎదుట ఒక్కటే.

కూర్చున్నాడు.
అతని గొడుగు నా బూటు మీద
ఒక్కో బొట్టే వదులుతోంది.
చూడనట్టే చూశాను:
గోళ్ళలో ఇంకా ఆకు పసరు,
కుడి చెవిలో వినికిడి యంత్రం, కొత్తది.
ఎప్పుడు తగ్గిందో వినికిడి,
ఎవరూ చెప్పలేదు నాకు.

వాగు వంతెన మీద బండి ఒరిగింది.
అతని మోకాలు నా మోకాలికి తగిలింది.
"క్షమించండి" అన్నాడు, అందరితో అనే మాటే.
"పర్లేదు" అన్నాను కొంచెం గట్టిగా,
ఆ చెవి వైపు వంగి.

తర్వాత రెండు స్టేషన్లు
ఎవరమూ వెనక్కి జరగలేదు.
జరగడానికి చోటేదీ అని.