కదల్ని తెప్ప

మా బాల్కనీలో నాలుగు గుండ్రటి మరకలు.
కిలో ఇంత అని కొన్న డంబెల్స్
రెండు వర్షాకాలాలకే టైల్స్ మీద అచ్చు వేసి పోయాయి.
గాజువాక గాలికి ఇనుము నిలవదు.
ఈ మాట అనడానికి నాకు హక్కుంది:
ఇరవై రెండేళ్లుగా రోలింగ్ మిల్లులో
ఎర్రగా కాలిన ఇనుము నా ముందు నుంచే పాక్కుంటూ పోతుంది.
బి షిఫ్టు దిగి ఇంటికొచ్చాక కూడా
దాన్నే ఎత్తమంటే చేతులు మొరాయిస్తాయి.

అయినా ఈసారి కొనేది నాక్కాదు.
నూకరత్నం కుడి భుజం బిగుసుకుపోయింది.
జడ వేసుకోలేకపోతోంది, అటక మీది డబ్బా అందడం లేదు,
రాత్రి ఆ పక్కకి ఒత్తిగిల్లితే
నిద్రలోనే పళ్లు కొరుకుతుంది.
ఇంట్లో ఏదైనా పెట్టుకోండి, రోజూ కదిలించాలి అన్నాడు డాక్టరు,
చీటీ మీద భుజం బొమ్మ గీసి, పైకొక బాణం వేసి.

ద్వారకానగర్ షాపులో అంతా చెక్కే.
చెక్క బెంచీ, చెక్క రింగులు, గోడకి చెక్క మెట్లు,
వార్నిష్ వాసన మీద ఏసీ చల్లదనం.
వేలి కణుపుతో కొట్టి చూశాను.
అసలుదైతే గట్టిగా పలుకుతుంది,
పైన పొర అంటించిందైతే డొల్లగా నవ్వుతుంది.
చెక్కని అడ్డకోతలో చూడాలనేవాడు మా నాన్న.
అమ్మేవాళ్లు అడ్డకోత చూపించరు, రంగు చూపిస్తారు.

మధ్యలో ఉందది. పొడవాటి చెక్క పట్టాలు,
వాటి మీద జారే పీట, చివర గాజు తొట్టిలో నీళ్లు.
రోయింగ్ మెషీన్ సార్, అన్నాడు కుర్రాడు,
తాడు లాగితే లోపల నీళ్లు తిరుగుతాయి,
అచ్చం పడవలో ఉన్నట్టే.
"ఏటిదీ, కదల్ని తెప్పా?" అంది నూకరత్నం.
చెప్పులు విడిచింది. కుచ్చిళ్లు బిగించి కూచుంది.

జాలారిపేటలో పుట్టిన మనిషి.
తండ్రిది తెప్ప, అన్నలది తెప్ప, మేనమామది మరబోటు.
ఇసకలో వలలు ఆరబెట్టింది, చేపలు ఎండబెట్టింది,
గంప నెత్తినెత్తుకుని పూర్ణా మార్కెట్ దాకా నడిచింది.
తెప్ప మాత్రం ఎక్కలేదు. ఆడది ఎక్కితే
గంగమ్మకి కోపమని ఒడ్డునే నిలబెట్టారు.
నలభై ఏడేళ్లుగా
తెడ్డు పట్టని చెయ్యి.

లాగింది.
సగంలోనే భుజం ఆపేసింది. పెదవి కొరుక్కుని మళ్లీ లాగింది.
గాజులో నీళ్లు లేచి పడ్డాయి.
"ఇందులో ఉప్పేత్తారా, బాబూ?"
వాడికి జవాబు తెలీదు.
ధర తెలుసు: లక్షా నలభై వేలు, నెలనెలా కట్టొచ్చు.

కాన్వెంట్ జంక్షన్ దాకా
బండి మీద ఇద్దరం మాట్లాడుకోలేదు.
నేను వాయిదాలు లెక్కేస్తున్నాను.
సిగ్నల్ దగ్గర, "హార్బరుకి పోనీ" అంది.

దానయ్య పడవలకి పక్కటెముకలు చెక్కే వడ్రంగి.
డాక్టరు బొమ్మ చూసి బీడీ ఆర్పాడు.
"టేకొద్దు, తేలిక. మామిడికి పురుగు పట్టేస్తాది.
మద్దయితే మీ తర్వాత కూడా ఉంటాది" అని
పాత బోటు పలకొకటి బయటికి లాగాడు.
మేకు కన్నాలున్న మేర కోసి పక్కన పడేశాడు.
మిగిలిన ముక్కకి పద్దెనిమిది గాట్లు:
వేళ్లు ఎక్కడానికొక నిచ్చెన.
చింతకర్ర చిత్రిక పట్టి రెండు ముద్గరాలు నాకు,
అడక్కుండానే.
"ఇనప మనిషివి, సెక్క అలవాటు సేసుకో."

వంటగది గోడకి బిగించాం.
మొదటి రోజు ఆరో గాటు. చూపుడువేలూ మధ్యవేలూ
పీతలా ఎక్కి, ఆగి, వణికి, దిగాయి.
అక్కడ కుంకం చుక్క పెట్టింది.
నిన్న పదకొండు. పాలు పొంగుతున్నా చెయ్యి దించలేదు.
వాన పడితే పలకలోంచి ఇంకా
చేపనూనె వాసన వస్తుంది. తుడవనివ్వదు.

నా ముద్గరాలు తలుపు వెనకే ఉన్నాయి. రేపట్నుంచి.

రాత్రి దీపం ఆర్పాక అంది:
జీతం పడ్డాక ఆ షాపుకి మళ్లీ ఎల్దాం.
కొనడానికా?
"కాదు. లాగి రాడానికి."