నా వాటా

అంట్సిరాబే స్టేషన్ ముందు
నా పూస్‌పూస్ ఎక్కింది లెక్కలు రాసే ఆవిడ.
ఎర్ర బండి. వెనక పలక మీద
'నిదానం' అని మా భాషలో రాసుంటుంది.

దారి పొడుగునా ప్రశ్నలే.
పేరు? ఫనీలు.
అన్నదమ్ములు? నలుగురం.
పైచదువు ఎన్నేళ్ళు?

ఆరు నెలలు, అన్నాను.

పెన్ను ఆగింది. ఏ కాలేజీ?

ఏదీ కాదమ్మా.
మాలో హజ ఒక్కడే రాజధానికెళ్ళాడు,
రాళ్ళ చదువుకి. రెండేళ్ళు.
మూడో ఏటి ఫీజుకి ఎడ్లను అమ్ముదామన్నాడు నాన్న,
ఎడ్లు మావి కావని అప్పుడు గుర్తొచ్చింది.
రెండేళ్ళని నలుగురికీ పంచు,
తలా ఆరు నెలలు.
బియ్యమైనా అంతే పంచుకుంటాం.

నవ్వింది. సగటు అలా రాదంది.
దేశంలో మగపిల్లాడి వంతుకి ఎంతొస్తుందో
తన కాగితంలో ఉందట,
సున్నా తర్వాత చుక్క, ఆ చుక్క తర్వాతే ఏదైనా.
నా గడిలో చుక్క కూడా పెట్టలేదు.

ఎత్తు మొదలైంది. మాటలు మానేసి
ఊపిరి కాళ్ళకిచ్చాను.

హజ ఇప్పుడు రాళ్ళ దుకాణంలో తక్కెడ పడతాడు.
రాత్రి కంచాల దగ్గర
ఒక్కో పేరూ మా ముగ్గురి వైపూ విసురుతాడు:
బెరిల్, టూర్మలిన్,
ఇదిగో ఈ నల్లది బసాల్ట్, ఒకప్పుడు నిప్పు.

ఆవిడ దిగి డబ్బిచ్చింది. వంద ఎక్కువే.
చెబుదామనుకున్నాను,
మీరు కూర్చునొచ్చిన ఈ ఎత్తంతా బసాల్టేనమ్మా,
నా అరికాళ్ళకి తెలుసు.
అది ఏ ఏడాది పాఠమో మాత్రం
హజని అడగాలి.