కొసరు

బోంబోరా బరువు తెలియాలంటే
ముందు దాన్నెత్తుకుని నా బంగాళాదుంపల కాటా ఎక్కాలి,
తర్వాత నేనొక్కదాన్నే ఎక్కాలి.
పెద్ద అంకెలోంచి నన్ను తీసేస్తే మిగిలేది కుక్క.
నా అంకె పైకి చదవొద్దని నుగ్జార్‌కి ముందే చెప్పాను.
అయినా చదివాడు.
త్బిలిసిలో మా ముంగిలి చుట్టూ మూడంతస్తుల చెక్క బాల్కనీలు,
ఒకరి దగ్గు అందరిదీ.

మే నెలలో మునిసిపాలిటీ బండి దాన్ని పట్టుకెళ్ళింది.
నాలుగో రోజు తెచ్చి దింపారు.
కడుపు మీద గొరిగిన చారెడు చోట కుట్లు,
చెవికి పచ్చటి ప్లాస్టిక్ పోగు,
పేరంటానికి వెళ్ళొచ్చినదానిలా.

జూన్‌లో మొదలైంది ఆకలి.
అంతకుముందు రొట్టె వాసన చూసి
ఆలోచించుకునేది ఆ మహాతల్లి.
ఇప్పుడు గిన్నె నాకీ నాకీ
గిన్నెతో సహా మెట్ల దాకా వచ్చేస్తోంది.
ఆగస్టుకి ముప్పై ఒక్క కిలోలు.
నడుము ఎక్కడుందో వెతకాలి.

డాక్టర్ తామ్తా కుర్రపిల్ల, మాట మాత్రం కత్తి.
"లోపల పొయ్యి సన్నగిల్లింది, ఎతేరి అత్తా.
ఆకలికి ఆ సంగతి తెలీదు.
పెట్టేదాంట్లో నాలుగో వంతు తీసెయ్.
పక్కటెముకలు చేతికి తగలాలి, కంటికి కాదు."

తీసెయ్యడం!
ముప్పై ఏళ్ళుగా బజారులో
కిలోకి ఒక దుంప కొసరు వెయ్యకుండా
సంచీ మూతి కట్టని చేయి ఇది.

పెరుగు సీసాకి గోళ్ళరంగుతో ఎర్రగీత గీశాను.
రోజు మొత్తానికీ అంతే. పదకొండు గడపలూ
పెట్టాలనిపిస్తే అందులోంచే పెట్టాలి.
అందరూ తలూపారు.
తలూపిన సాయంత్రమే
జాయిరా బాల్కనీలోంచి ఖింకలి ముడులు రాలాయి,
ఎవరూ తినకుండా పళ్ళెం అంచున వదిలేసే ఆ పిండి ముడులు,
ఒకటి, రెండు, ఏడు.
"అవి లెక్కలోకి రావు కదా?" అంది.
నుగ్జార్ రొట్టె మొన ఒక్కటే పెడతాడట.
మా రొట్టెకి రెండు మొనలు.

సెప్టెంబరులో పందిరి ద్రాక్ష పండింది.
తామ్తా మళ్ళీ ఫోన్: ద్రాక్ష కుక్కలకి విషం,
ఒక్క పండు కూడా నేలమీద ఉండకూడదు.
ద్రాక్షని విషమన్నందుకు ముసలాళ్ళు రెండు రోజులు అలిగారు.
పొద్దున ఐదింటికి నేనూ చీపురూ.
నా వెనకే అది,
ఊడ్చిన ప్రతిచోటా ముక్కు పెట్టి తనిఖీ చేస్తూ.

రాత్రిళ్ళే కష్టం.
మూడింటికి మెట్ల కింద కూర్చుని చూస్తుంది.
మొరగదు. అడగను కూడా అడగదు.
ఆ చూపు నాకు తెలుసు.

పదకొండేళ్ళ కింద నాకూ తీసేశారు,
కుతాయిసి ఆసుపత్రిలో, కిటికీ పక్క మంచం మీద.
పొయ్యి సన్నగిల్లుతుందని ఎవరూ చెప్పలేదు.
దీపం వేయకుండా ఫ్రిజ్ వెలుతురులో నిలబడి
చల్లటి చికెన్, మిగిలిన రాజ్మా, చేతికందింది తినేదాన్ని.
తిన్నాక కూడా ఏదో తినలేదనిపించేది.
"పని చేస్తే అదే కరుగుతుంది" అంది ఆడపడుచు,
రోజుకి రెండు వందల కిలోల దుంపలు మోసేదాన్ని చూసి.

కీరదోస చక్రాలు తరిగి కిందికి దిగుతాను.
దానికి మూడు, నాకు మూడు.
కరకరమని ఇద్దరం చీకట్లో.
చాలలేదు. దానికీ చాలలేదు.

అప్పుడిక లేచి నడుస్తాం.
బేకరీ దాకా వెళ్ళి, బేకరీ దాటి
(దాటడమే అసలు పని),
కొసరుగా ఇంకో వీధి.

నవంబరులో కాటా మీద ఇరవై ఎనిమిది.
ఇంకా రెండు తగ్గాలట.
నా అంకె కూడా ఏదో అన్నాడు నుగ్జార్,
నేను వినలేదు.

ఇంటికొచ్చేటప్పుడు మాత్రం
జాయిరా బాల్కనీ కింద కాళ్ళు వాటంతటవే ఆగుతాయి.
ఇద్దరం తలెత్తి చూస్తాం.