పదివేల బేరం

ఓడ రేవు చేరేసరికి తెల్లారింది.
రాత్రంతా లారీ టైర్ల మధ్య చాప నాది;
చొక్కాకి డీజిలు, పెదాలకి ఉప్పు.
నూడుల్స్ ఆవిడ వేడినీళ్లు ఊరికే పోసింది,
అట్టమూత మాత్రం అడిగి తీసుకుంది, విసురుకోడానికి.

లబువాన్ బాజోలో బస్సు కుర్రాడు కోర్నెలిస్
లక్షా ఇరవై వేలన్నాడు.
వెళ్లిపోతున్నట్టు నాలుగడుగులు నటించాను.
లక్షా పదికి దిగాడు.
పదివేల రుపియాల గర్వంతో
కిటికీ సీట్లో కూర్చున్నాను.
జనం నిండేదాకా బస్సు
ఊరంతా మూడుసార్లు తిరిగింది.

ఆపైన కొండ.
బొంగరానికి చుట్టిన తాడులా దారి.
నల్ల ప్లాస్టిక్ సంచులు చేతులు మారాయి.
పక్కన యుస్తీనా అవ్వ, ఒళ్లో కాళ్లు కట్టిన పుంజు.
నా అరచేతిలో లవంగం పెట్టి
నములు అన్నట్టు దవడ ఆడించింది.
పుంజు మాత్రం నన్ను నమ్మలేదు.

చంచార్ దగ్గర సాలెగూడు లాంటి వరిమళ్లు
చూపించబోయిందవ్వ,
వాన మూసేసింది.
బస్సు కప్పు మీద ధడధడా అడుగులు.
తల బయటపెట్టి చూస్తే
నిచ్చెనకి వేలాడుతూ కోర్నెలిస్,
ఉన్న ఒక్క పట్టా నా సంచికి కప్పుతున్నాడు.
తడిచొక్కా కింద పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు.

రుతెంగ్. చీకటి. మాటతోపాటు పొగ.
పదివేల నోటు చాచాను, ఎటో చూస్తూ.
బస్సు లైటుకి ఎత్తి చూశాడు, మడిచాడు.
"ఇప్పుడు సరిపోయింది," అన్నాడంతే.

అవ్వ చంకలో పుంజు
వేళ తప్పి ఒకసారి కూసింది.
సంచి తడిమి చూసుకున్నాను:
పొడిగా ఉంది,
సిగ్గేసేంత పొడిగా.