అసమాపక క్రియ

ఈ గురువారం కూడిక మా ఇంట్లో.
సింగ్‌నగర్, మూడో సందు.
స్విచ్‌బోర్డుకు జానెడు పైన
బుడమేరు గీసిపోయిన గీత ఇంకా ఉన్న గది.
రెండుసార్లు సున్నం వేయించాం.
రెండుసార్లూ పైకి తేలింది.

పదకొండు మందికి ఆరు కుర్చీలు, ఒక చాప.
నతానియేలుగారు, రిటైరైన రైల్వే గార్డు,
ఇప్పటికీ గడియారం చూసుకునే ప్రార్థన మొదలుపెడతారు.
"ఈవేళ అంశం మిషన్.
మనం ఎక్కడికి పంపబడ్డాం?"

అరకు, అంది కృపామణి.
మొన్న యూత్‌వాళ్లు బస్సు మాట్లాడుకొని వెళ్లొచ్చారు,
కరపత్రాలు, బోలెడు ఫొటోలు.
సంసోను ఒడిశా అన్నాడు.
ఎవరో చందా సంగతి ఎత్తారు. ఎప్పుడూ ఎత్తుతారు.

నన్ను చదవమన్నారు.
నా బైబిలు ఆ ఏడాది నీళ్లు తాగి ఉబ్బింది.
డాబా మీద ఎండబెట్టాను, ఇస్త్రీ కూడా చేశాను.
మత్తయి చివర పేజీలు అప్పడంలా అతుక్కుపోయాయి.
లాగితే చిరుగుతుంది.
"వెళ్లి" అన్నదాకా కనబడింది, అక్కడే ఆగాను.

మునిసిపల్ బళ్లో తెలుగు చెప్పిన సుగుణావతి టీచరు
కళ్లజోడు తుడుచుకుంటూ అన్నారు:
"వెళ్లి. అసమాపక క్రియమ్మా అది.
దానంతటది వాక్యం కాదు."

నవ్వుకున్నాం.
మూలన మంచం మీంచి,
నిద్రపోయిందనుకున్న మా అత్తయ్య:
"మరి ఆ పిల్లోడో?"
"ఏ పిల్లోడమ్మా?"
"నన్ను మోసినోడు."

ఫ్యాను చప్పుడు.
మూడో రోజది. గుండెలోతు నల్లనీళ్లు.
ముంజేతికి దర్గా తాయెత్తో, గుడి దారమో,
తడిసి మురికిపట్టి పోల్చుకోలేకపోయాం.

"ఆణ్ణి ఎవరు పంపారంట?"
"దేవుడేనమ్మా," సంసోను తొందరపడ్డాడు.
"అది నాకూ తెలుసురా.
ఆడికి తెలుసా అని."

నతానియేలుగారు గడియారం చూసుకున్నారు,
పచ్చజెండా ఎత్తబోయి దించినట్టు
"వచ్చే వారం చూద్దాం" అన్నారు.

టీ గ్లాసులు కడుగుతూ
ఆ కుర్రాడి ముఖం తెచ్చుకోబోయాను. రాలేదు.
మాట్లాడిన మాటా లేదు.
వట్టి క్రియలే మిగిలాయి నాకు:
ఈదుకుంటూ వచ్చి,
మెట్ల మీద వంగి,
ముసలామెను వీపున వేసుకొని, పడవలో దించి,
మళ్లీ వచ్చి
రెండు పాల ప్యాకెట్లు పిట్టగోడ మీద పెట్టి,
పేరు అడిగేలోపు
పక్క సందులోకి వెళ్లి