ఎనిమిదొందల జొరం

కాశీబుగ్గ మూడు రోడ్ల కాడ
మందుల కొట్టు మీద మేడలో అద్దాల తలుపు.
తొయ్యాలో లాగాలో తెలీక
గడప కాడే నిలబడిపోనాను.
"రా పిన్నీ" అంది కుంతల,
నా పక్క పీట మీద పొట్టు తీసిన
బైరాగమ్మ కూతురు.
దాని చిన్నప్పుడు ముక్కు నానే తుడిసేదాన్ని.

గోడ మీద ధరలు రాసున్నాయి.
పండ్లది ఐదొందలు, ముత్యాలది ఎనిమిదొందలు,
బంగారందయితే అడక్కు.
ఎనిమిదొందలంటే ఎన్ని కేజీల పప్పుకి పొట్టు తియ్యాలో
నాకు నోటి లెక్క.
కళ్లద్దాలకి కొత్త బిళ్లలొస్తాయి,
లేపోతే పాలోడి బాకీ తీరీసి
ఇంకా కొంగులో కొంత మిగుల్తాది,
గ్యాసు బండకయితే మరికొంచెం కలపాల...
లెక్క తెగక ముందే
కుర్సీ వెనక్కి వాలిపోయింది.
నానూ వాలిపోనాను.

అరవై నాలుగేళ్లకి ఈ సోకేటని
మీరడక్క ముందే నానడిగీసినాను నన్ను.
జవాబు రాలేదు.
చల్లటి దూది వొచ్చింది.

నలభై ఏళ్లు జీడిపిక్కల కాడ కూకున్న ముకం.
బట్టీ పొగ తాగిన ముకం.
ఎడం దవడ మీద కందిపప్పంత మచ్చ,
పనిలో సేరిన మొదటేడాది
పిక్కనూనె సేత్తోటే సెమట తుడుసుకున్న గుర్తు.
"ఇది పోదు పిన్నీ" అంది.
"దాన్నెవలు పొమ్మన్నారే,
నీకన్నా పెద్దది అది."

వేళ్లు తిప్పతంది.
నుదురు కాడ మొదలెట్టి సెవుల దాకా,
సెవుల కాడ ఆగి, మల్లీ గెడ్డం కింద నుంచి.
కళ్లు మూసుకుని
ఈ ముకం మీద ఇంతకు ముందు
సెయ్యేసినోల్లని లెక్కెట్టినాను.
పెల్లికి పసుపు రాసిన మేనత్త.
రెండు సార్లు మా ఆయన, అవి రాయడాలు కావు.
కంటి ఆపరేషనుకి డాక్టరు, గుడ్డ కప్పీసి.
పల్లొచ్చినప్పుడు మనవరాలు, కొరికింది.
ఇంకెవలూ గుర్తు రాలేదు.
మిగతా రోజులన్నీ
నా సేతులే నా ముకాన్ని సెంగుతోటి తుడిసి
పనికి తోలీసినాయి.

తరవాతేటయిందో నానెరగను.
గురక పెట్టినానంట.
లేసేసరికి ముత్యాల పూత ఎండి బిగిసిపోయింది.
"నవ్వకు పిన్నీ, పగులుద్ది."
నవ్వొద్దంటే
ఎన్నడూ రాని నవ్వులన్నీ వొచ్చి గొంతులో కూకున్నాయి.

గెడ్డం కాడ అంచు దొరకబుచ్చుకుని
మెల్లగా పైకి తీసింది.
ఆ తీత నాకు తెలుసు.
గోరు ఎక్కడాపాలో ఎరిగిన వేలు.
పప్పు విరిగితే గుండు కాదు, బద్ద.
బద్దకి రేటు లేదు.
వాలమ్మ సెయ్యే అది, అచ్చం.
విరక్కుండా తీసింది.

అద్దంలో ఏటీ మారలేదు.
ఉన్న ముడతలే
తోమిన గిన్నెల్లాగ మెరస్తన్నాయి.
"పదేల్లు తగ్గిపోనావు పిన్నీ!"
"ఓలమ్మ, పదేల్ల కిందట
నాకు అరవై వేలు అప్పుండీది.
మల్లీ కట్టలేను.
ఓ ఏడాది తగ్గించి సరిపెట్టు."

డబ్బులిస్తే వంద వెనక్కిచ్చింది.
దాని గుప్పిట్లోనే పెట్టి మడిసీసినాను.
సేసిన పనికి మనమే రేటు తగ్గించుకుంటే
ఏ పీట మీద తేల్తామో
దానికి తెల్దు, నాకు తెలుసు.

ఆటో ఎక్కలేదు.
గాలి తగల్తందని నడిసినాను.

మా ఈదిలో సుబద్ర బియ్యం సెరుగుతంది.
సేట ఆపీసి సూసింది.
"ఏటప్పా, ముకం అలగ మెరస్తంది,
జొరం గాని కాసిందేటి?"
"కాసింది. ఎనిమిదొందల జొరం."

అర్దం కాలేదు దానికి.
లేసొచ్చి, సేతులు సీరకి తుడుసుకుని,
జీడి తిన్న నల్లటి వేళ్లు
నా దవడ మీద పెట్టింది.
"సల్లగుంది కదే" అంది.

సెయ్యి మట్టుకు తియ్యలేదు.