మూడో రెక్క

సోమవారం పది గంటలు.
ఉరవకొండలో సబ్‌స్టేషన్ పక్క రేకుల గదిలో
లాప్‌టాప్ తెరిచి, వెనక గోడకున్న హెల్మెట్లు కనపడకుండా
కుర్చీ రోంత పక్కకు జరుపుకుంటాను.

పై వరుసలో పుణె నుంచి జోగ్ సార్.
ఆయన వెనక ఎప్పుడూ ఒకటే పుస్తకాల అర.
అది ఉత్తుత్తిదని,
చెయ్యెత్తినప్పుడల్లా మాయమయ్యే వేళ్లు చెప్తాయి.
చెన్నై నుంచి కయల్విళి, కెమెరా పెట్టదు.
ఊదారంగు గుండ్రంలో పేరులోని మొదటక్షరమై కూర్చుంటుంది.
కర్నూలు నుంచి షమీమ్, మిద్దె మీది గదిలో,
కుక్కరు కూతకొకసారి మ్యూట్ నొక్కుతూ.
నాలుగేండ్లుగా ఇంతే మేము.
ఎవరి కాళ్లకు ఏ చెప్పులుంటాయో ఎవరికీ తెలీదు.

ఐదో కిటికీ పెన్నోబులేసుది.
బెళుగుప్ప దావలో
నలభై ఏడో నంబరు గాలిమర కింద
బండి సీటు మీద ఫోను నిలబెట్టి ఉంటాడు.
సగం ఆయన గడ్డం, సగం ఆకాశం.

"ఓబులేసన్నా, మ్యూట్‌లో ఉన్నావు."
వారంవారం ఆ మాట నాదే.
ఈ వారం లేడు.
"మూడో రెక్కకు ఈల పడతాంది మేడం" అన్నాడు.

నేను ఇంగ్లీషు చేసి చెప్పినాను.
జోగ్ సార్ పచ్చగీత ఒకటి తెర మీదికి తెచ్చినాడు.
అదురు హద్దులోనే ఉంది. వేడి హద్దులోనే ఉంది.
గీత మీద బాణం అటూ ఇటూ తిప్పి
"తర్వాత?" అన్నాడు.

"ఈల సార్, ఈల. ఇనండి" అని
ఓబులేసు ఫోను పైకెత్తినాడు.
విన్నాం.
సంత లేచిపోయిన బయలు మాదిరి నిశ్శబ్దం.
ఆయన చొక్కా మాత్రం
మెడ తెగేలా కొట్టుకుంటాంది, చప్పుడు లేకుండా.

అప్పుడు తట్టింది నాకు.
మా మీటింగుకొక మర్యాద ఉంది,
మాట కానిదాన్ని లోపలికి రానివ్వదు.
ఫ్యాను, లారీ, వీధికుక్క, అన్నీ గడప బయటే.
షమీమ్ ఊరికే భయపడుతుంది గాని
ఆ కుక్కరు మాకెన్నడూ వినపడలేదు.
నాలుగేండ్లు మాట్లాడుకున్నది గాలి గురించే,
ఎంత వచ్చింది, ఎన్ని యూనిట్లు, ఎందుకు తగ్గింది.
వాకిట్లో నిలబెట్టి.

"అన్నా, మూడు చుక్కలు నొక్కు. సెట్టింగ్స్. ఆడియో.
కిందికి రా. ఇంకా కిందికి.
శబ్దం తగ్గించేది ఉంటాది సూడు, ఆపెయ్ దాన్ని."
"ఎండకు ఏమీ కనపడ్లేదు మేడం."
"టవలు కప్పుకో."
కప్పుకున్నాడు. కిటికీ నల్లగైంది.
ఆ చీకట్లో కాసేపు ఆయన ఊపిరి, వేలిగోరు తట్టిన చప్పుడు.

ఒక్కసారిగా గాలి జొరబడింది.

చేటలో ఇసుక చెరిగినట్టు ముందు రొద.
జోగ్ సార్ చెవిలోది పీకేసి, మళ్లీ పెట్టుకున్నాడు.
రొద అడుగున మెల్లగా
ఒకటి.
రెండు.
మూడు, దాని కొసన సన్నగా,
జొన్నాకు చుట్టి పిల్లోళ్లు ఊదే పీక.
ఒకటి. రెండు. మూడు, పీక.

ఎవరూ మాట్లాడలేదు.
కయల్విళి కెమెరా, తెలియకనే తగిలిందేమో, వెలిగింది:
తెరకానించిన చెవి ఒకటి,
దానికొక చిన్న ముత్యపు కమ్మ.

"ఆపమను" అన్నాడు జోగ్ సార్.
పచ్చగీత ఇంకా పచ్చగానే ఉంది.

మాపటికి తాళ్లోళ్లు ఎక్కి చూసినారు.
రెక్క అంచున జానెడు చీలిక.
ఓబులేసు పంపిన ఫోటోలో
దాని పక్కన కొలతకు పెట్టింది ఆయన అరచెయ్యే.

మరుసటి సోమవారం పది గంటలు.
యాప్ ఏదో అప్‌డేట్ అయినట్టుంది,
ఓబులేసు కిటికీలో మళ్లీ మూగ ఆకాశం.
షమీమ్ కూతకొకసారి మ్యూట్ నొక్కుతానే ఉంది.
నేనామెకు చెప్పలేదు.
"అన్నా, మూడు చుక్కలు…" అనబోయినాను.
"నొక్కతాండా మేడం" అన్నాడు టవలు కిందినుంచి,
"మీరు రోంత సేపు మాట్లాడకండి."